స్త్రీ చెప్పిన మాట: గర్భాశయ వ్యాధులు, వైద్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాధారణముగా భాషాసేవ, గ్రంథాలయోద్యమ చరిత్ర, దాతల ఔదార్యము ప్రసంగ విషయములగుచుండును. నేటి విషయము వేరు. అది ప్రతి ఇంటనున్నది. ఏ రచ్చబండ మీదను చర్చకు రాదు. స్త్రీల గర్భాశయమునకు వచ్చు క్యాన్సరు, ఆ వ్యాధితో దవాఖానకు పోయిన స్త్రీకి లభించు ఆదరణ, లేక అనాదరణ — ఇది నేటి ప్రస్తావన. పదిమందిలో పలుకదగని మాట యని కొందరనుకొనవచ్చును. తల్లి ప్రాణముకంటె మర్యాద గొప్పది కాదు గనుక పలుకక తప్పదు.

భారతము చదివినవారికి సభాపర్వము గుర్తుండును. ద్రౌపదిని జూదసభకు ఈడ్చుకొని వచ్చిననాడు ఆమె ఏకవస్త్ర, రజస్వల. అట్టి స్థితిలోను ఆమె సభను ఒక ప్రశ్న అడిగెను. ముందు తానే ఓడిపోయిన రాజునకు భార్యను పణముగా ఒడ్డు అధికారము కలదా యని ఆ ప్రశ్న. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. విదుర వికర్ణులు తప్ప పెద్దలందరు తలలు వంచుకొనిరి. ఆ సభలో పండితులకు కొదువ లేదు. స్త్రీ అడిగినదానికి బదులు చెప్పవలెనన్న బుద్ధి మాత్రమే కొదువయ్యెను. ఆ కొదువ నేటికిని అనేక స్థలములలో అట్లే యున్నది.

మన ప్రాచీన వైద్యశాస్త్రము ఈ విషయమున మూగపోలేదు. చరకసంహిత చికిత్సాస్థానమున స్త్రీల వ్యాధులకు ఒక అధ్యాయమే కలదు. అందు ఇరువది విధములైన యోనివ్యాపత్తులు వర్ణింపబడినవి, అధిక రక్తస్రావమునకు చికిత్స చెప్పబడినది. వైద్యమునకు నాలుగు పాదములని చరకుని మతము: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములలో తన బాధను తెలియజెప్పగలుగుట యొకటి. వాగ్భటుడు రోగిపరీక్షను మూడు విధములుగా విభజించెను: చూచుట, తాకుట, అడుగుట. అడుగుట యనగా బదులు వినుటయే గదా! రోగి చెప్పుచుండగా వైద్యుడు విననిచో నాలుగు కాళ్ల మంచమునకు ఒక కాలు విరిగినట్లే.

ఇక వ్యాధి సంగతి. గర్భసంచి బోర్లించిన బేరిపండు ఆకారమున నుండును. క్రింది సన్నని భాగము గర్భాశయ ముఖద్వారము. పై భాగములోపల మెత్తని పొర యొకటి కలదు. నెలనెల ముట్టు రూపమున రాలిపోవునది ఈ పొరయే. ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరు వేరు, లోపలి పొరకు వచ్చు క్యాన్సరు వేరు. మొదటిది హెచ్.పి.వి. యను వైరస్ వలన కలుగును. మన దేశమున ఎక్కువగా కనిపించునది ఇదియే. రెండవది హెచ్చుగా ముట్లుడిగిన పిదప వచ్చును. స్థూలకాయము, మధుమేహము, సంతానము కలుగకపోవుట, ఈస్ట్రోజెన్ యను హార్మోను తన జతయైన ప్రొజెస్టెరోన్ అదుపులేక పనిచేయుట దానికి దోహదములు. తిండి, శ్రమ, జీవనవిధానము మారుచున్న కొలది ఇది మన పట్టణములలోను, పల్లెలలోను కానవచ్చుచున్నది.

ఈ రెండవ వ్యాధి ఒక విధముగా దయగలది. ముందుగా కబురు పంపును. ముట్లుడిగి సంవత్సరము దాటిన పిదప మరల నెత్తురు కనిపించుటయే ఆ కబురు. ఈ క్యాన్సరు వచ్చిన స్త్రీలలో నూటికి తొంబదిమందికి ఈ గుర్తు కనిపించును. అట్లని నెత్తురు కనబడిన ప్రతివారికి క్యాన్సరు ఉండదు. పదిమందిలో తొమ్మిదిమందికి అది వేరే కారణము వలననే కలుగును. ఆ పదియవది ఎవరో పరీక్ష వలన తప్ప తెలియదు. వ్యాధి గర్భసంచి దాటకముందే పట్టుకొన్నచో నూటికి తొంబదిమందికి పైగా ఐదేండ్లు దాటి జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిదప ఐదుగురిలో ఒకరు నిలుచుట కష్టము. కబురు విన్న ఇంటికి, వినని ఇంటికి ఇంత వ్యత్యాసము కలదు.

ఈ కబురు విననందువలన కలుగు నష్టము ఎంతటిదో అమెరికా దేశపు నల్లజాతి స్త్రీల అనుభవము చూపుచున్నది. ఐశ్వర్యమునకు, ఆస్పత్రులకు ఆ దేశమున లోటు లేదు. అయినను అచ్చట ఈ క్యాన్సరుతో మరణించు నల్లజాతి స్త్రీల నిష్పత్తి తెల్లజాతి స్త్రీలకంటె సుమారు రెండింతలు. తీవ్రమైన తరగతి కణితులు వారిలో హెచ్చుగా కనబడుట ఒక కారణమే. కాని ఒకే తరగతి, ఒకే దశ వ్యాధిని పోల్చి చూచినను వ్యత్యాసము పూర్తిగా పోవుట లేదు. రోగులను కూర్చుండబెట్టి అడిగినప్పుడు మిగిలిన కారణములు బయటపడినవి. ముట్లుడిగిన పిదప నెత్తురు కనబడుట ప్రమాదమని తమ యిండ్లలో ఎవరును చెప్పలేదని కొందరనిరి. చెప్పుకొనుటకు సిగ్గుపడి నెలలు గడిపినవారు కొందరు. వైద్యునితో చెప్పినను, అవి గడ్డలే, వయసు వలననే యని పంపివేయబడినవారు మరికొందరు.

ఇందులో యంత్రము సైతము పక్షపాతియైనది. ముట్లుడిగిన స్త్రీకి నెత్తురు కనబడినచో లోపలి స్కానింగుచేత పొర మందమును కొలిచి, 4 మిల్లీమీటర్లు మించనిచో భయము లేదని పంపుట పలుచోట్ల వాడుక. ఆ కొలతను నిర్ణయించిన పరిశోధనలు హెచ్చుగా తెల్లజాతి స్త్రీలపై జరిగినవి. నల్లజాతి స్త్రీలకు గర్భసంచిలో ఫైబ్రాయిడు గడ్డలు హెచ్చు. గడ్డలున్నచోట పొర సరిగా కొలతకు రాదు. సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు వైద్యురాలు, తానును నల్లజాతీయురాలైన కెమీ డాల్, ఆమె సహచరులు 2024లో ప్రకటించిన పరిశోధనలో, గర్భసంచి తీయబడి క్యాన్సరు రుజువైన నల్లజాతి స్త్రీలలో నూటికి పదకొండుమందికి పొర ఆ హద్దుకు లోబడియే యుండెను. స్కానింగు ఒక్కదానినే నమ్మియుండినచో వీరందరు వ్యాధి లేదని ఇంటికి పంపబడియుందురు. అందువలన నెత్తురు కనబడిన నల్లజాతి స్త్రీకి స్కానింగుతో సరిపెట్టక బయాప్సీ చేయవలెనని ఆమె వాదము. ఒకరి శరీరముపై చేసిన కొలబద్దతో మరొకరిని కొలుచుట తగదు. కుంచము మారినచో ధాన్యపు లెక్క తప్పునని ఎరుగని రైతు కలడా?

ఆ స్త్రీలకు వైద్యులపై పూర్ణవిశ్వాసము లేకపోవుటకు చరిత్ర కలదు. 1840 దశకమున అలబామా రాష్ట్రమున జె. మారియన్ సిమ్స్ యను వైద్యుడు బానిస స్త్రీలపై, మత్తుమందు లేకుండ, మరల మరల శస్త్రచికిత్సలు చేసి తన పద్ధతిని సాధించెను. వారిలో అనార్కా, బెట్సీ, లూసీ అను మూడు పేర్లు మాత్రమే నిలిచినవి. ఆ వైద్యునికి స్త్రీవైద్య పితామహుడన్న బిరుదు, న్యూయార్కు నగరమున విగ్రహము లభించెను. ఆ విగ్రహము సెంట్రల్ పార్కునుండి 2018లో తొలగింపబడెను. 1951లో బాల్టిమోరు నగరమున గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుతో చేరిన హెన్రియెట్టా లాక్స్ యను నల్లజాతి తల్లి కణములను ఆమెను అడుగకయే తీసి పెంచిరి. ఆమె అదే సంవత్సరము అక్టోబరులో మరణించెను. ఆ కణములు నేటికిని లోకమంతట ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. లోకమునకు మేలు కలిగెను, నిజమే. అడిగి తీసికొనియుండినచో ఆ మేలు తగ్గియుండెడిది కాదు.

ఇది దూరదేశపు కథ యని తీరికగా వినుటకు వీలులేదు. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో సుమారు పదునాలుగువేల మంది బాలికలకు ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకా ఒక ప్రయోగములో భాగముగా వేయబడెను. వారిలో అనేకులు ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు. తల్లిదండ్రుల సమ్మతికి బదులుగా వసతిగృహాధికారుల, ప్రధానోపాధ్యాయుల సంతకములు అనేక పత్రములపై కనబడెను. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా ఆక్షేపించెను. జరిగిన మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము తేల్చెను. ఆ టీకా లోకమున పలుదేశములలో మేలు చేయుచున్నది కూడ. మంచి మందునైనను అడుగక వేయుట మంచి వైద్యము కాదన్నదే ఇందలి నీతి.

ఇక మన ముంగిటి సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమంతటి మీద నూటికి ముగ్గురు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో నూటికి ఎనమండుగురు. దేశములో మొదటి రెండు స్థానములు తెలుగువారివే! ఈ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రులలో జరిగినవి. చదువు లేని స్త్రీలకు హెచ్చుగా, చదువుకొన్నవారికి తక్కువగా జరిగినవి. అన్నియు అనవసరమనుట న్యాయము కాదు. కొందరికి ఆ ఆపరేషను ప్రాణదానము. కాని మన స్త్రీల గర్భసంచులు మాత్రమే దేశమున ఎల్లరికంటె రెండింతలకు పైగా చెడిపోవునని ఏ శాస్త్రము చెప్పును?

జరుగునది ఎల్లరెరిగినదే. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతముల పల్లెలలో బీడీలు చుట్టు స్త్రీ తెల్లవారినది మొదలు చేట ఒడిలో నుంచుకొని వంగి కూర్చుండును; నాట్లు వేయు స్త్రీ రోజంతయు నడుము వంచి బురదలో నిలుచును. నడుమునొప్పి వచ్చును, తెల్లబట్ట యగును, ముట్టు ఎక్కువగును. ఆర్‌ఎంపీ వద్ద సూది వేయించుకొనును. తగ్గనిచో పట్టణమునకు పొమ్మందురు. అచ్చట స్కానింగు తీసి, గర్భసంచి వాచినది, పుండైనది, ఉంచినచో క్యాన్సరగునని ఒక్క మాట. ఆ మాట విన్న పిదప ఏ ఇల్లు నిలువగలదు? నూటికి మూడురూపాయల మిత్తికి అప్పు తెచ్చి, మెడలోని పుస్తెలతాడు కుదువబెట్టి ఆపరేషను చేయింతురు. నడుమునొప్పి నడుమునొప్పిగానే యుండును. అండాశయములు కూడ తీసివేసినచో ముప్పది ఐదేండ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, ఒంటిలో ఆవిరులు, నిద్రలేమి మొదలగును. తీసిన సంచిని పరీక్షకు పంపిరా, ఏమి తేలినది యని అడిగినవారు అరుదు.

ఇట్లు రెండు తప్పులు పక్కపక్కన నడచుచున్నవి. ముప్పది ఏండ్ల యామెకు లేని క్యాన్సరు పేరు చెప్పి సంచి తీసివేయుట ఒకటి. అరువది ఏండ్ల అవ్వకు నెత్తురు కనబడినప్పుడు, ముసలితనమున ఇదేమి సిగ్గుమాట యని నోరు మూయించి, ఉన్న క్యాన్సరును పెరుగనిచ్చుట రెండవది. చూచుటకు ఇవి ఒకదానికొకటి విరుద్ధములు. మూలము మాత్రము ఒక్కటే. రెండుచోట్లను స్త్రీని అడిగి, విని, పరీక్షించి, రుజువు చూపి నిర్ణయించుట జరుగలేదు. అమెరికాలో చర్మపు రంగు అడ్డుగోడ. ఇచ్చట కులము, పేదరికము, చదువులేమి, పల్లెమాట అడ్డుగోడలు. దవాఖాన గుమ్మమున ఏకవచనముతో గద్దింపబడిన స్త్రీ లోపలికి పోయి తన బాధ ఏమని చెప్పును?

2022లో కేంద్ర ఆరోగ్యశాఖ అనవసరముగా గర్భసంచులు తీయుటను అరికట్టుటకు మార్గదర్శకములు వెలువరించెను. వానిని మూడు నెలలలో అమలుపరుపవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో రాష్ట్రములను ఆదేశించెను. చట్టము ఉన్నచో చాలదు. దానిని చదివి అడుగువారు ఊరిలో నుండవలెను.

మందులేని వ్యాధి యని నిరాశపడుటకు కారణము లేదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధిపతిగా నుండగా, ఆయన ఆధ్వర్యమున సిద్ధమైన ఔషధములలో మెథోట్రెక్సేటు ఒకటి. 1948లో ఆయన గతించెను. గర్భధారణానంతరము గర్భసంచిలో పుట్టు ఒకానొక క్యాన్సరును 1950 దశకమున అమెరికా వైద్యులు ఈ మందుతో నయము చేసిరి. గడ్డరూపమైన క్యాన్సరు మందు ఒక్కదానితోనే నయమగుట కదియే నాంది. హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు దవాఖాన ప్రభుత్వ సంస్థ. అచ్చట శస్త్రచికిత్స, కిరణచికిత్స, మందులు మూడును లభించును. 2000లో బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సరు ఆస్పత్రి ప్రారంభమయ్యెను. 2018లో సిద్దిపేటలోనే ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడెను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద పేదలకు క్యాన్సరు చికిత్స లభించుచున్నది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచిరి. బస్సు కలదు, దవాఖాన కలదు, పథకము కలదు. ఇంటి గడప దాటుటయే ఆలస్యము.

కావున ప్రతి ఇల్లు గుర్తుంచుకొనదగిన సంగతులు కొన్ని కలవు. ముట్లుడిగి ఏడాది దాటిన స్త్రీకి ఒక్క చుక్క నెత్తురు కనబడినను ఆ వారములోనే దవాఖానకు పోవలెను. నొప్పి లేదని ఊరకుండరాదు, మొదట నొప్పి యుండదు. ముట్టు ఆగని వయసులోను, నలుబదియైదు దాటినవారికి ముట్టు క్రమము తప్పి అధికమైనను, రెండు ముట్ల నడుమ నెత్తురు కనబడినను పరీక్ష అవసరము. స్కానింగులో ఏమియు లేదన్న పిదప కూడ నెత్తురు ఆగనిచో, బయాప్సీ చేయుదురా యని అడుగవలెను. లోపలి పొరనుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూచుటయే బయాప్సీ. ముక్క తీసినందున వ్యాధి ప్రాకునన్న మాట వట్టిది.

గర్భసంచి తీయవలెనన్న వైద్యుని నాలుగు ప్రశ్నలడుగుట రోగి హక్కు. వ్యాధి పేరేమి? ఏ పరీక్ష వలన తేలినది? తీయక మందులతో నయము చేయు మార్గమున్నదా? అండాశయములు ఉంచుదురా, తీయుదురా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు సంతోషించును. కోపగించుకొన్నచో మరొక వైద్యుని అభిప్రాయము తీసికొనుట మంచిది. బయాప్సీలో క్యాన్సరు రుజువైనచో మాత్రము ఆలస్యము చేయరాదు. అప్పుడు గర్భసంచి తీయుటయే ముఖ్య చికిత్స. దానికి భయపడి నాటుమందులతో కాలము గడుపుట ఆత్మహత్యతో సమానము. తీసిన సంచిని తప్పక పరీక్షకు పంపించి, ఆ కాగితమును తీసికొనవలెను. పట్టాదారు పాసుపుస్తకమును ఇనుపపెట్టెలో భద్రపరచు ఇంట, ఇల్లాలి బయాప్సీ కాగితము చూరులో చెక్కబడి వానకు తడియుట తగునా? భూమి పోయినచో మరల కొనవచ్చును.

పురుషులకు ఒక మాట. ఎద్దుకు మేత సయించనిచో ఆ పూటయే పశువైద్యుని పిలిపింతురు. ఇల్లాలు మూడు నెలలుగా నెత్తురు పోవుచున్నదని చెప్పినచో పంటకోత యైన పిదప చూతమందురు. ఆమె దవాఖానకు పోవునాడు వెంట పోవుట, కూలి పోయినను కూర్చుండుట, వైద్యుడడిగినప్పుడు ఆమెకు బదులుగా తాము మాటలాడక ఆమెనే చెప్పనిచ్చుట — వైద్యమునకు మూడవ పాదమైన పరిచారకుని ధర్మము ఇదియే. కోడండ్రు, కూతుండ్రు ఇంటిలోని అవ్వను ఏకాంతమున అడుగవలెను. అవ్వ తానై చెప్పదు, అడిగినచో చెప్పును.

ఇందులో గ్రంథాలయమునకు ఏమి పని యని ప్రశ్నింపవచ్చును. తెలుగునాట గ్రంథాలయములు పుట్టినదే ఇందుకు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారిలో ముఖ్యుడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, 1906లో విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పి శాస్త్రవిషయములను తెలుగువారికి తెలుగులో చెప్పవలెనని పూనుకొనిరి. ఆయన కుమార్తె డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారు స్త్రీవైద్యము చేయుచు, ప్రసూతి, శిశుపోషణలను గూర్చి తెలుగులో గ్రంథము రచించిరి. తండ్రి తెరచిన తలుపున కూతురు దీపము పెట్టెను. అమెరికాలోను ఈ వ్యాధికి లోనైన నల్లజాతి స్త్రీలు, వైద్యులు కలిసి ఈకానా యను సంఘమును స్థాపించుకొని, ఒకరికొకరు తెలియజెప్పుకొనుచున్నారు. చెప్పుకొనుటకు ఒక చోటు, వినుటకు నలుగురు మనుష్యులు — ఇవి చికిత్సకు తొలిమెట్టు.

ఈ గ్రంథాలయమున నెలకొక సాయంకాలము స్త్రీలకే కేటాయించి, చదువు వచ్చిన బాలిక ఒకతె ఆరోగ్య గ్రంథమును బిగ్గరగా చదువుట, ఆశా కార్యకర్త సందేహములు తీర్చుట, దవాఖాన కాగితములు అర్థము కానివారికి చదివి చెప్పుట ఏర్పాటు చేసినచో దానికి కాగల ఖర్చు ఒక చాప, ఒక దీపము. జమ మాత్రము లెక్కకు అందదు. ఊరిలో ఒక్క తల్లి సకాలమున బయలుదేరి పోయి, నయమై, మనుమల పెండ్లిండ్లకు తలంబ్రాల బియ్యము కలిపినచో ఇరువదియైదేండ్ల ఈ గ్రంథాలయ శ్రమ అంతయు చెల్లినట్లే.

నాటి సభలో ద్రౌపది ప్రశ్నకు బదులు దొరకలేదు. నేడు ఈ ఊరిలో ప్రశ్న వేయు స్త్రీకి బదులు చెప్పు మనుష్యులు, బదులు దొరకు పుస్తకము ఎల్లప్పుడు ఉండుగాక! గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లుగాక! స్వస్తి.